బుల్లెమ్మగారి వంటింట్లో మెట్లు

సోమవారం

కాదు మేడమ్, నా కాలికి జబ్బేం లేదు. నిన్న అందరి ముందూ మీరన్న మాటకి అక్కడే జవాబు చెప్పేవాణ్ణి, కానీ నోటినిండా పెసరట్టు ఉంది. ఇప్పుడు లేదు. ఈ చిట్టా రోజూ మీరే వింటారు కాబట్టి ఇందులోనే చెప్పేస్తున్నాను. నా కాలు ఆడుతుంది. పుట్టినప్పట్నుంచీ ఆడుతూనే ఉంది. ఎనిమిదో తరగతిలో బెంచీ ఊగి పక్కవాడి చేతిరాత చెడిపోతోందని మాస్టారు నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. గుమ్మం బయట రోడ్డు ఉంది. అలా వచ్చేశాను. అంతమాత్రాన ఆ మెట్లు నావే అంటే ఎలా?

వారంలో మొదటి చిట్టా కొత్తగా వినేవాళ్ళకి కూడా అర్థం కావాలని రూలు. సరే. నా పేరు తాతాజీ. పేరుకే తాతని, పెళ్ళి కూడా కాలేదు. ఈ మూడంతస్తుల ఇంట్లో ఢీలు వెతకడం నా పని. మోడల్‌లో రెండు వస్తువులు ఒకే చోట ఉంటే దాన్ని ఢీ అంటాం. దూలంలోంచి నీళ్ళ గొట్టం పోతే ఢీ. కిటికీ తెరిస్తే అలమరకి తగిలితే ఢీ. నేను తిరిగి తిరిగి దొరికినవి విశాలాక్షి మేడమ్‌కి చెబుతాను. మోడల్‌కి ఆవిడే పెద్ద.

ఇల్లు ఇంకా లేదు. చదును చేసిన ఎర్రమట్టి నేల ఉంది. సముద్రం మా రేవుని తినేశాక మెట్ట మీద రేకుల షెడ్లలో ఉంటున్న మేమంతా పొద్దున్నే కళ్ళజోళ్ళు పెట్టుకుని ఆ నేల మీదకొచ్చి కాపురం చేస్తాం. దీన్ని ముందు కాపురం అంటారు. లేని తలుపు తీసుకుని, లేని గడప దాటి, కళ్ళజోడులో మాత్రమే కనపడే గట్టు ముందు నిలబడి నిజం వంకాయలు తరుగుతాం. నేల కింద పరిచిన వల మా అడుగుల్ని చదువుతుంది. అందరూ ఒకచోట నుంచి పోతుంటే అక్కడ గోడ పక్కకి జరుగుతుంది. ముసలావిడ అలమర కోసం మునివేళ్ళ మీద లేస్తే, రెండ్రోజుల్లో అలమరే కిందికి దిగుతుంది. చేత్తో గీత మార్చే హక్కు మేడమ్‌కి కూడా లేదు. కాళ్ళదే రాజ్యం. ఆఖర్న బిగింపు గంట కొడతారు. ఆ గంటతో మోడల్ గడ్డకట్టేస్తుంది, మర్నాడు పోత యంత్రాలు అందులో ఉన్నది ఉన్నట్టు పోసేస్తాయి. బిగింపు ఈ ఆదివారమే. అది తప్పితే వానలొచ్చేస్తాయి, వానల్లో పోత ఉండదు, ఇంకో ఏడాది రేకుల కిందే.

మూడంతస్తులవాళ్ళమూ అదే నేల మీద ఒకేసారి తిరుగుతాం. మా ఒకటో అంతస్తుకి ఎర్ర చెప్పులు, రెండోవాళ్ళకి పచ్చవి, మూడోవాళ్ళకి నీలంవి. ఏ అడుగు ఏ అంతస్తుదో వలకి అలా తెలుస్తుంది. కళ్ళజోడులో ఎవరి అంతస్తు వాళ్ళకే కనపడుతుంది, మిగతా జనం చెరిగిపోతారు. కాబట్టి గుద్దుకుంటాం. గుద్దుకుంటే అంతస్తు చెప్పి తప్పుకోవడం మర్యాద. కళ్ళజోడు తీసి చూడ్డం మాత్రం ఎదుటివాళ్ళ పడకగదిలోకి తొంగిచూడ్డంతో సమానం. ఢీలు వెతకాలని నా కళ్ళజోడులో మూడంతస్తుల గోడలూ చూపిస్తారు, పైవాళ్ళ మనుషుల్ని మాత్రం చూపించరు. ఇక పైఅంతస్తులవాళ్ళు ఇంట్లోకి వచ్చేముందు మూల మెట్ల దగ్గర ఉన్నచోటే మోకాళ్ళెత్తి మెట్లు దంచాలి. ఉన్నచోటే కాలు ఆడితే మెట్లెక్కుతున్నట్టే వల లెక్క. పొద్దుటే ఆ సంబరం చూడాలి. తలలు దువ్వుకుని, పౌడర్లు రాసుకుని, చేతిలో కేరేజీలతో జనం నిలబడ్డచోటే గెంతుతుంటారు.

ఇదీ సైటు. ఇప్పుడు గొడవ. మా అంతస్తులో నేను గడ్డం గీసుకునే చోట మెట్లు మొలిచాయి. ఎవరూ అడగలేదు. మొదట గడపంత ఎత్తున ఒకటి. దాని మీద ఇంకోటి. అలా పెరిగి పెరిగి, పైనున్న బుల్లెమ్మగారి వంటింటి నేలని పొడుచుకుని బయటికొచ్చాయి. ఆవిడ రుబ్బురోలు ఉండాల్సిన చోట ఇప్పుడు మెట్టు ఉంది. ఇంత పెద్ద ఢీ ఈ సైట్లో ఇంతవరకు లేదు. దాన్ని కనిపెట్టాల్సినవాడే అక్కడ నిలబడి కాలాడించి పుట్టించాడని మీ ఆరోపణ. కాలు కట్టేసుకో, లేదంటే ఇంకో సైటు చూసుకో అన్నారు.

నేనక్కడ నిలబడే మాట నిజమే. ఎందుకు నిలబడతానో చిట్టాకి అనవసరం.

మంగళవారం

అనవసరం అన్న ముక్కే నాకు కావాలి అని కబురు పంపారు. సాయంత్రం చెబుతాను. ముందు పని సంగతి.

ఇవాళ తొక్కుడు. మోడల్‌లో తప్పుగా మొలిచినదాన్ని చెరపాలన్నా కాళ్ళతోనే చెరపాలి. ఎర్ర చెప్పులూ పచ్చ చెప్పులూ అందరూ వరసకట్టి ఆ మెట్లలోంచి, మెట్లు లేనట్టే, కాలెత్తకుండా ఈడ్చుకుంటూ పోవాలి. మడమ ఎత్తామా, మెట్టు మళ్ళీ బలపడుతుంది. పిల్లలకి ఇది పండగ. రైలుబండిలా ఒకరి నడుం ఒకరు పట్టుకుని ముప్పూటలా ఈడ్చారు.

తొక్కుడప్పుడు మాత్రం కళ్ళజోళ్ళు తీసెయ్యొచ్చు, అందరం కనపడతాం. బుల్లెమ్మగారు అట్లకాడ పట్టుకునే వచ్చారు. షెడ్ల వరసలో టిఫిన్లు ఆవిడవే. నేను అత్తా అని పిలుస్తాను, ఆవిడ నన్ను పిలవడానికి పేరు అక్కర్లేదు, కేకే చాలు.

"ఏరా, అది కాలా, కుట్టుమిషనా? నా రుబ్బురోలు ఇప్పుడెక్కడెట్టుకోను, నీ నెత్తి మీదా?"

నా నెత్తి మీద పెట్టుకున్నా రుబ్బు సరిగా పడదత్తా, తల కూడా ఊగుద్ది అన్నాను. నవ్వు ఆపుకోడానికి ఆవిడ అట్లకాడ నోటికి అడ్డం పెట్టుకున్నారు. పొద్దుగూకేసరికి మెట్లు చెరిగిపోయాయి. రేపు తువ్వాలుతో కాలు కట్టుకుని అక్కడే కూర్చోవాలని, బుల్లెమ్మగారు కాపలా అని మీ తీర్పు. సరే.

ఇప్పుడు అనవసరం ముక్క. నేను గడ్డం గీసుకునే చోటికి నేరుగా పైన, మూడో అంతస్తులో, లోవకుమారి వాళ్ళ వంటగట్టు ఉంది. పోత యంత్రం నడిపే లోవకుమారే. నేల మీద చూస్తే ఆ రెండూ ఒకటే చోటు. ఒకరోజు గీసుకుంటుంటే మోచేతికి మోచెయ్యి తగిలింది. గడ్డం తెగింది. "మూడు," అని వినపడింది. నేను "ఒకటి," అన్నాను. ఇక తప్పుకోవాలి కదా. తప్పుకోలేదు. నా పోపులో సబ్బు నురగ పడింది, నీ గడ్డం మీ ఇంట్లో గీసుకోకూడదా అంది. ఇది మా ఇల్లే అన్నాను. అప్పట్నుంచి రోజూ ఆవిడ పోపు వేళకి నాకు గడ్డం పెరుగుతోంది. కొన్నాళ్ళకి గియ్యడానికేం మిగల్లేదు, ఊరికే నిలబడుతున్నాను. ఎదురుచూసేటప్పుడు నా కాలు మామూలు కంటే ఎక్కువ ఆడుతుంది. అంతే మేడమ్.

పోత అయిపోయాక తను పైన, నేను కింద. మధ్యలో బుల్లెమ్మగారూ రెండు స్లాబులూ. మోచేతులు తగలవు. మూల మెట్లెక్కి మూడో అంతస్తుకి పోతే ప్రతి గుమ్మంలోనూ ఎవరింటికి నాయనా అని అడుగుతారు. ఈ ముక్క కొట్టెయ్యడానికి కుదురుతుందా? కుదరదు. తెలుసు.

బుధవారం

చూశారా మేడమ్. చూశారా అని ఇంకోసారి అంటాను, చిట్టాలో రెండుసార్లు పడాలి.

పొద్దున్నుంచి స్టూలు మీద కూర్చున్నాను. కాలు స్టూలు కోడుకి కట్టేసి ఉంది. ముడి బుల్లెమ్మగారు వేశారు, బస్తా మూతికి వేసే ముడి. కాలు ఆడలేక చెవులు ఆడాయి. పోపు వేళకి మోచెయ్యి తగిలింది. ఏంటివాళ కదలట్లేదు అని అడిగింది. కట్టేశారని చెప్పాను. ఎవరంటే మేడమ్ అన్నాను. ఎందుకంటే మెట్లు అన్నాను. తర్వాత నవ్వు, ఆ తర్వాత టకటకమని ఏదో చప్పుడు. పచ్చడి దంచుతోందేమో అనుకున్నాను.

మధ్యాహ్నానికి మెట్లు వచ్చేశాయి. నేను కదల్లేదు, సాక్షి ఉంది. పైగా ఈసారి నేలలోంచి రాలేదు. బుల్లెమ్మగారి వంటింటి కప్పులోంచి కిందికి వేలాడుతున్నాయి. కింద ఆధారం లేదు, గబ్బిలాల్లా ఆవిడ పొయ్యి మీద వేలాడుతున్నాయి.

నా వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది. "మొన్న నేలలోంచి పొడిచింది. ఇయ్యాల కప్పులోంచి దిగుతోంది. నాది వంటిల్లా, బస్టాండా?"

చెప్పులు తారుమారై ఉంటాయని నా అనుమానం. స్నానాలకెళ్ళినప్పుడు అందరూ చెప్పులు ఒకేచోట విడుస్తారు. ఎవరో ఎవరివో తొడుక్కుని ఉంటారు. రేపు మెట్లు కోసి చూస్తాను.

గురువారం

మోడల్‌లో దేన్నైనా పనసపండులా కోసి చూడొచ్చు. మెట్టుని కోస్తే దాన్ని తొక్కిన చెప్పుల రంగు చారల్లా కనపడుతుంది. వేలాడే మెట్లన్నీ నీలం. పైనుంచి కిందికి దిగిన అడుగులు. ఒకే మనిషివి. ప్రతి అడుగులోనూ కుడిమడమ బరువు ఎక్కువ పడింది. కుడిమడమతో పెడల్ తొక్కి నడిపేది ఈ మెట్ట మీద ఒక్కటే ఉంది, పోత యంత్రం.

అరిచాను మేడమ్. మీరు కేబిన్లోంచి బయటికొచ్చి చూసింది అందుకే. సైటు కుక్క లేచి వేరే చోట పడుకుంది. నేను నేల చుట్టూ పరిగెత్తాను, ఇద్దరు రెండోవాళ్ళని గుద్దాను, ఒకాయన చేతిలో మజ్జిగ ఒలికింది, ఒకటి ఒకటి అనుకుంటూ ఆయన చెయ్యి ఊపేసి వచ్చేశాను. ఆ టకటక పచ్చడి కాదు. నేను కట్టేసి ఉన్నానని తెలిసి తనే దిగడం మొదలెట్టింది.

పోపు వేళకి ముందే వెళ్ళి నిలబడ్డాను. మోచెయ్యి వచ్చింది.

"దిగుతున్నావా?" అన్నాను.

"నువ్వు ఎక్కుతున్నావు కదా మరి," అంది. "మీ అంతస్తు కప్పు దాకా వచ్చేశావని మా తమ్ముడు చెప్పాడు. మిగతాది నేను దిగాలి కదా అనుకున్నాను."

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. సంతోషమొస్తే నా నోరు కూడా కాలు లాంటిదే. ఎక్కడం కాదు, అది అలవాటు, చిన్నప్పట్నుంచీ నా కాలు ఊరికే ఆడుద్ది అని చెప్పేశాను.

పోపు చిటపటలాడుతోంది. ఎండుమిరపకాయ మాడిన వాసన వచ్చింది.

"ఓహో," అంది. "ఊరికేనా." మోచెయ్యి వెళ్ళిపోయింది.

శుక్రవారం

మెట్లు లేవు. తొక్కుడు అక్కర్లేకుండానే పోయాయి. ఎవరో నీలం చెప్పులతో కాలెత్తకుండా, జాగ్రత్తగా, తన మెట్లు తనే ఈడ్చి చెరిపేసుకున్నారు. ఢీ లేదు. బిగింపుకి అడ్డు లేదు. మీరు సంతోషంగా ఉన్నారు, నాకు టీ పంపారు.

ఇంకో సంగతి రాసుకోండి. నా కాలు ఆగిపోయింది. పొద్దుట్నుంచి ఆడలేదు. తువ్వాలు కట్టలేదు, ముడి లేదు. చూసి చూసి మా అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో అంది. పోపు వేళకి వెళ్ళి నిలబడ్డాను. చుట్టూ వెతికినట్టు చేతులు చాపాను. తగిలింది బుల్లెమ్మగారి భుజం.

"రెండు," అన్నారావిడ. తర్వాత మెల్లగా, "అది ఇయ్యాల రాలేదురా. వాళ్ళమ్మ వండుతోంది. ఇంగువ ఎక్కువేసింది," అన్నారు.

నాకు తెలియకుండా అందరికీ అన్నీ తెలుసు. ఇందులో నాదేం తప్పో ఆలోచించాను. అబద్ధం చెప్పలేదు. అదే తప్పులా ఉంది. కాదు, అది కూడా కాదు. తనేమో తెలిసి దిగింది. నేనేమో తెలియకుండా ఎక్కాను. తెలిసి ఎక్కాలి. ఈ ముక్క తట్టగానే ఎడమ బొటనవేలు కొంచెం కదిలింది.

శనివారం

పొద్దున్నే మొదలెట్టాను. గడ్డం లేదు, అద్దం లేదు, సాకు లేదు. అందరూ కాపురానికి వస్తున్న వేళ, నేను గడ్డం గీసుకునే చోటే నిలబడి, మోకాలు ఛాతీ దాకా ఎత్తి దంచాను. ఒక్కో మెట్టూ పూర్తిగా, రెండు కాళ్ళూ ఆనించి. అలవాటున ఆడే కాలికి అలుపు ఉండదు. కావాలని ఎత్తే కాలికి ఉంటుంది. ఇది ఇవాళే తెలిసింది. చొక్కా తడిసిపోయింది. ఎవరో మావాళ్ళు గట్టిగా ఎక్కడికి బాబూ అన్నారు. "మూడో అంతస్తుకి," అన్నాను. లేని గదుల్లోంచి నవ్వులు వినపడ్డాయి. నేనూ నవ్వాను, కానీ ఆగలేదు, నవ్వుతూ దంచితే డొక్కలో పట్టేస్తుంది.

మా కప్పు దాకా ఎక్కాను. ఇక బుల్లెమ్మగారి వంటింటి నేల తగలాలి, ఢీ మోగాలి. మోగలేదు. మోడల్ కోసి చూశాను. ఆవిడ నేలలో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. చుట్టూ పచ్చ అడుగులు, మంగళవారం తొక్కుడు అయిన దగ్గర్నుంచీ ఆ చోటుని తప్పించుకుని తిరిగిన అడుగులు. రుబ్బురోలు ఎదురు గోడవారకి పోయి ఉంది. పక్కన కూర్చోడానికి అరుగు లాంటిది కూడా మొలిచింది.

అత్తా ఇదేంటి అన్నాను, ఆవిడున్న వైపనుకుని గాలిలోకి.

"మెట్లు నా వంటింట్లోంచి పోతే, అట్టు వాసన తగిలి కూడా ఆగకుండా పైకి పోయే మగాడెవడో నేనూ చూత్తాను," అన్నారు వెనక నుంచి. "ఎక్కేటప్పుడోటి, దిగేటప్పుడోటి తినాలి. ఒప్పుకుంటే ఉంచుతాను. లేదంటే రోలు ఇప్పుడే ఎనక్కి తెచ్చేత్తాను."

ఒప్పుకున్నాను. ఉల్లిపాయలు వెయ్యాలని షరతు పెట్టబోతే అట్లకాడ వీపున తగిలింది.

అప్పుడు మీరు వచ్చారు మేడమ్. కేబిన్ దిగి, ఎర్ర చెప్పులు తొడుక్కుని, నా పక్కన నిలబడ్డారు. అరుస్తారనుకున్నాను. మీరు అరవలేదు. మీరన్నది ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, రేపు నేను మర్చిపోకుండా.

"తాతాజీ, మోడల్‌లో ఉన్నంతసేపే ఏదైనా చెరుగుతుంది. పోశాక చెరగదు. బడి మానేశావు, పడవ పని మానేశావు, వెల్డింగు మానేశావు. ఒక్కచోట నిలవనివాడివి, నిలిచిపోయేదాన్ని అడుగుతున్నావు. ఆలోచించుకున్నావా?"

కారణం లేని వస్తువు బిగింపులోకి రాదు, రేపు గంటకి ముందు చిట్టాలో కారణం చెప్పు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. నేను ఎక్కినంత మాత్రాన సరిపోదని, పైనుంచి నీలం అడుగులు దిగకపోతే అవి మెట్లు కావు, బుల్లెమ్మగారి వంటింటికి దొడ్డిదారి మాత్రమేనని.

పోపు వేళ దాటిపోయింది. మోచెయ్యి రాలేదు. యంత్రాలకి నూనె పెడుతోందని చెప్పారు.

ఆదివారం

కళ్ళజోళ్ళతో అందరూ వచ్చేశారు. ఎవరి గదుల్లో వాళ్ళు నిలబడ్డారు. గంట తాడు దగ్గర మనిషి సిద్ధంగా ఉన్నాడు. నేను నా చోట ఉన్నాను. బుల్లెమ్మగారి వంటింటి దాకా ఎర్ర మెట్లు ఉన్నాయి. దాని పైన ఏమీ లేదు.

కారణం చెబుతున్నాను మేడమ్, రూలు ప్రకారం.

వస్తువు, మెట్లు. ఎక్కడినుంచి, ఒకటో అంతస్తులో గడ్డం గీసుకునే చోటు. ఎక్కడికి, మూడో అంతస్తు వంటగట్టు పక్కకి, బుల్లెమ్మత్త అరుగు మీదుగా. ఎవరి కోసం అన్నదానికి నిన్నట్నుంచి ఆలోచిస్తున్నాను. మీరన్నది నిజమే, నేను అన్నీ మానేశాను. బడిలో బెంచీ ఎక్కడికీ పోదు. పడవ పోయేది కానీ రోజూ సాయంత్రానికి మళ్ళీ అదే రేవుకి తెచ్చి దింపేది. నా కాలికి కావాల్సింది కదలడం కాదు, చేరడం. మొన్నటిదాకా ఊరికే ఆడింది, ఆ మాట నిజం, మళ్ళీ అడిగినా అదే చెబుతాను. నిన్న మాత్రం ఊరికే కాదు. ఒక్కో మెట్టూ తెలిసి ఎక్కాను. పోశాక చెరగదన్నారే, అందుకే ఎక్కాను. చెరిగేదైతే ఇంత ఆయాసం ఎందుకు? ఈ ముక్క పైవాళ్ళకి వినపడాలనే గట్టిగా చెబుతున్నాను, చుట్టుపక్కల గదులవాళ్ళు క్షమించాలి.

కారణం ఇంకా అవలేదు. ఎవరి కోసం అంటే

ఆగండి. టకటకమంటోంది. నా చెవి పక్కనే. పచ్చడి కాదు.

నీలం మెట్లు వస్తున్నాయి మేడమ్, కప్పులోంచి, ఒకటి, ఇంకోటి, బుల్లెమ్మత్త తల వంచి తప్పుకుంటున్నారట, కుడివైపు ప్రతి మెట్టూ కొంచెం లోతుగా ఉంది. మోచేతికి మోచెయ్యి తగిలింది. మూడు అనలేదు. ఇన్నాళ్ళూ ఒకటి, మూడు అనే తప్ప పిలుచుకోలేదు మేం.

"తాతాజీ," అంది. "అత్త అరుగు దాకా దిగాను. అట్టు చల్లారిపోతోంది. వత్తన్నావా?"

తాడు దగ్గర మనిషిని ఒక్క నిమిషం ఆపండి మేడమ్. వెళ్ళాలి.